పొట్టి గడ్డి కాలం

పులిని కళ్లారా చూడని మనిషి మా తల్లిగారింట్లో నేనొక్కదాన్నే.

మంచిర్యాల దాటి లోపలికి పోతే అడవి అంచున ఉంటుంది ఆ ఊరు. మా అవ్వ, అంటే మా అమ్మ, వాగులో గుడ్డలు ఉతుకుతుంటే అవతలి గడ్డకు పులి వచ్చి నీళ్లు తాగి పోయిందట. చీర పిండుతూ పిండుతూ అట్లాగే పట్టుకుని నిలబడిపోయిందట మా అవ్వ. బాపు ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్కలేదు. పులి మాట వస్తే పక్కింటి మనిషి సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. ఆఖరికి నా తమ్ముడు, ఇంకా ముక్కు తుడుచుకోవడం కూడా రాని వయసులో, బాపుతో ఎడ్లబండి మీద ఆసిఫాబాద్ అంగడికి పోతూ చూశాడు. బాట ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటిందట. "తోక గింత పొడుగున్నదే అక్కా" అని రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. ఆ చేతులు ఎన్నాళ్లకూ కిందికి దించలేదు వాడు. నేను అలిగినప్పుడల్లా, కొట్టినప్పుడల్లా, రెండు చేతులూ చాపి నిలబడేవాడు.

నేను చూసింది జాడలే. వాగు ఇసుకలో పంజా అచ్చు పడి ఉంటే నా అరచెయ్యి అందులో పెట్టి చూశాను. చెయ్యి మునిగిపోయి ఇంకా చోటు మిగిలింది. ఆ చల్లదనం ఇప్పటికీ నా అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది.

ఫాల్గుణం వస్తే మేమంతా ఇప్పపువ్వు ఏరడానికి పోయేవాళ్లం. తెల్లారకముందే పువ్వు రాలి చెట్టు కింద పరుపు పరిచినట్టు ఉంటుంది. గుడ్డెలుగులకూ ఆ పువ్వంటే ప్రాణం. అందుకని ముందు నడిచేవాళ్లు డబ్బా కొట్టుకుంటూ, కేకలు వేసుకుంటూ పోవాలి. ఆ పని నాది. నాలుగో తరగతితో బడి మానేసిన దగ్గర్నుంచీ నాదే. నూనె డబ్బా ఒకటి, కర్ర ఒకటి, నా గొంతు ఒకటి. "నా బిడ్డ ఒర్రితే అడివి సగం ఖాళీ అయితది" అని బాపు నలుగురిలో చెప్పుకునేవాడు. నాకది బిరుదు ఇచ్చినట్టుండేది. ఇంకా గట్టిగా ఒర్రేదాన్ని.

పెళ్లయి కరీంనగర్ దిక్కు వచ్చాక ఇక్కడ పులీ లేదు, అడవీ లేదు. వరి, పత్తి, కాలువ నీళ్లు, బర్రెలు. పిల్లలకు పులి కథలు చెప్పేదాన్ని. చెప్పి చెప్పి చివరికి వాళ్లు "నువ్వు చూసినవా అవ్వా?" అని అడిగే చోట నా కథ ఆగిపోయేది.

తమ్ముడు పెద్దవాడై బోరు బండి మీద పనికి కుదిరాడు. కొన్నేళ్లు మన ఊళ్లలోనే బోర్లు వేశాడు. అందరూ దుబాయి, మస్కట్ అంటుంటే వాడు ఆఫ్రికా అన్నాడు. టాంజానియా అనే దేశం. "అక్కడేమున్నదిరా?" అంటే "నీళ్లు లెవ్వు. అందుకే పోతున్న" అన్నాడు. పోయినవాడు అక్కడే మూడు నాలుగేళ్లు ఉండిపోయాడు. అప్పుడప్పుడూ ఫోన్లో ఏనుగులనూ, జిరాఫీలనూ పంపేవాడు. అవి రోడ్డు దాటుతుంటే బోరు బండి ఆపి తీసిన బొమ్మలు. చూసి మా అత్త "మన కాడ బర్రెలకు ఆగినట్టు ఆగవట్టిరి" అనేది.

పోయినేడాది పత్తి ఏరుతుంటే వాడి ఫోన్ వచ్చింది.

"అక్కా, కంపెనీ పని వచ్చే దసరా దాకనేనట. ఆ మీదట బండ్లు అమ్ముకొని అందర్ని ఇంటికి తోలుతరు. నేనిగ మళ్ల ఇటు దిక్కు రాను. నేనుండంగనే ఒక్కసారి రాండ్రి. బావను, అత్తమ్మను తోలుకొని రా. సింహాన్ని చూపిస్త."

నా చేతిలో పత్తి చేతిలోనే ఉంది. "నిజమేనారా తమ్మీ?"

"నిజమే. ఎప్పుడొస్తరో నువ్వే చెప్పు. టికెట్లు నేను తీస్త. గానీ అక్కా, ఒక్కసారే. మంచిగ ఆలోచన చేసి చెప్పు. యాళ్ల తప్పితే గడ్డి తప్ప ఏం కనవడది." అంతలోనే ఫోన్ కట్టయిపోయింది. వాడు పనిచేసే చోట సిగ్నల్ వస్తే పండగే.

ఒక్కసారే. ఆ మాట పట్టుకున్నాను నేను. పుట్టింది అడవి పక్కన. పులి నాకు దొరకలేదు. ఇప్పుడు దాని అన్న సింహమైనా దొరకాలి. ఈ ఒక్కసారీ తప్పితే ఇక ఎవరు తీసుకుపోతారు, ఎవరు చూపిస్తారు?

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ పెట్టాం. అత్త బర్రెకు కుడితి పెడుతోంది, మా ఆయన పగ్గం పేనుతున్నాడు, నేను గడప మీద కూర్చున్నాను.

"ఆఫ్రికాల బర్రెలుంటయా?" అంది అత్త.

"ఉంటయట అత్తమ్మా. అడివి బర్రెలు."

"పాలిస్తయా?"

"పాలా! సింహాన్నే కొమ్ములతోని ఎత్తేస్తయట."

"గట్లయితే మన నల్లదాని అక్కచెల్లెండ్లే" అని తొట్టిలో చెయ్యి కలియతిప్పింది. "పోదం పా. చూడకపోతే ఎట్ల?"

మా ఆయన తల ఎత్తకుండానే "ముందుగాల ఎప్పుడు పోతరో తేల్చుకోండ్రి" అన్నాడు.

అది తేల్చడానికి నాకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? అడవిలో పెరిగినదాన్ని. వానకాలంలో అడవి అంటే పచ్చటి గోడ. ఎదురుగా ఎద్దు నిలబడ్డా కనపడదు. ఎండలు ముదిరితే ఆకు రాలుతుంది, గడ్డి మాడుతుంది, వాగులు గుంటలవుతాయి. ఏ జంతువైనా ఆ గుంట దగ్గరికి రావాల్సిందే. అవ్వకు పులి కనపడింది ఎండల్లోనే. తమ్ముడికి కనపడిందీ ఎండల్లోనే. మరి ఎండల్లోకెల్లా ఎండ ఏది? రోళ్లు పగిలే రోహిణి కార్తె. యాసంగి వరి కోత అయిపోయి ఉంటుంది, మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా రాదు, పొలంలో పనుండదు. దేవుడే కుదిర్చిన ముహూర్తం అనిపించింది.

"రోహిణిల పోదం" అన్నాను. పగ్గం పేనే చెయ్యి ఆగింది.

"రోహిణిల మన ఇంట్లనే ఉండలేకపోతం. ఆఫ్రికాల నిలవడ్తవా?"

"నీడకు కూసుంటే సింహం కనవడ్తదా?"

ఆయన మళ్లీ పగ్గం పేనడంలో పడ్డాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఇక్కడొక చిక్కు ఉంది. మా ఆడబిడ్డ కరీంనగర్ టౌన్‌లో ఉంటుంది. దాని కొడుక్కి పుట్టెంట్రుకలు ఆ ఎండకాలంలోనే కొండగట్టు మీద తీయించాలని అనుకున్నారు. మా దిక్కు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోనిదే, ఆయన మొదటి కత్తెర వేయనిదే పిల్లవాడి తల మీద కత్తి ఆనదు. ఆ మేనమామ మా ఆయన. రోహిణిలో మేం ఆఫ్రికాలో ఉంటే కత్తెర ఎవరు వేస్తారు? నేను, అత్త బస్సెక్కి టౌనుకు పోయి ఆడబిడ్డను కూర్చోబెట్టి నచ్చజెప్పాం. ఎండల్లో పసివాడికి గుండు గీయిస్తే తల మాడిపోతుందన్నాను. మాఘంలో అయితే చల్లగా ఉంటుందన్నాను. దేవుడు మాత్రం ఎండలో మెట్లెక్కి రమ్మంటాడా అన్నాను. అంత చెబితే కాదనలేక, వాళ్ల అత్తామామలతో మాట్లాడి, పుట్టెంట్రుకలు మాఘానికి జరిపింది. వచ్చేటప్పుడు బస్సులో అత్త నా భుజం తట్టింది. "నీ నోరు మంచిదే పిల్లా. వాడుకోవాలె గని."

ఊరంతా చెప్పేశాం. పాలు పోయించుకునేవాళ్లకు అత్త చెప్పింది, పత్తి ఏరే ఆడవాళ్లకు నేను చెప్పాను. రోహిణిలో పోతున్నాం, సింహాన్ని చూస్తాం. "ఎండకు సింహం నల్లవడ్తదేమో సూసుకోండ్రి" అని ఒకామె నవ్వింది. నేను లెక్కచేయలేదు.

కొన్నాళ్లకు తమ్ముడికి సిగ్నల్ దొరికింది. వీడియో కాల్. నేను ఒక్క ఊపిరిలో చెప్పేశాను, రోహిణి కార్తె అని, రోళ్లు పగిలేటప్పుడు అని, టికెట్లు తియ్యమని.

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. పక్కనున్నవాళ్లకు ఏదో చెప్పాడు, వాళ్లూ నవ్వారు.

"ఏందిరా?"

"ఆగు, ఒక బొమ్మ పంపిస్త. పోయిన రోహిణిల తీసింది."

బొమ్మ వచ్చింది. మొగులు నల్లగా దిగి ఉంది. బోరు బండి చక్రాలు సగానికి బురదలో కూరుకుపోయి, బండి ఒక పక్కకు ఒరిగింది. నా తమ్ముడు మోకాళ్ల దాకా బురదలో నిలబడి, నెత్తి మీద ప్లాస్టిక్ సంచి కప్పుకుని ఉన్నాడు.

"గిదా రోహిణి?" అన్నాను.

"గిదే. ఇక్కడ పెద్దవానలు మన ఉగాదికి షురువైతయి, రోహిణి దాక కొడుతనే ఉంటయి. రోహిణి చుక్క ఇక్కడ గూడ మొగుల మీదనే ఉంటదే అక్కా. గానీ వానలు దాని మాట వినయి."

వెనక నుంచి మా ఆయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. అత్త మాత్రం నా పక్షమే. "సూర్యుడొక్కడే గదరా. గక్కడ ఎండెందుకు కొట్టదు?" అని వాడినే గదమాయించింది, వాడేదో మార్చి పెట్టినట్టు.

"మరి మంచి యాళ్ల ఏదిరా?" అన్నాను.

"మన మిరుగం నుంచి దసరా దాక. ఒక్క చినుకు పడది. గడ్డి మొత్తం ఎండిపోతది, జంతువులన్ని మడుగుల కాడికి వస్తయి. లోకంల ఉన్నోళ్లందరు గప్పుడే వస్తరు."

అప్పటికే లోపలికి వచ్చిన మా ఆయన నవ్వు మానేశాడు. మిరుగం నుంచి దసరా దాకా మాకు విత్తనం, నాట్లు, కలుపు, మందులు. ఆ నెలల్లో నేను ఒక పూట తల్లిగారింటికి పోతేనే కూలీలు చెదిరిపోతారు.

"నీకు గూడ గప్పుడు సెలవుండదు గద?" అని అడిగాను వాడిని.

"నాకెక్కడి సెలవు అక్కా? నీళ్లు ఎండితెనే జంతువులు బయటికొస్తయి. నీళ్లు ఎండితెనే మనుషులు బోర్లేయిస్తరు. బండి దిగేటందుకు ఒక్క దినం ఇయ్యరు. నీళ్లున్నప్పుడే నాకు సెలవు."

"ఎప్పుడు?"

"సంక్రాంతి దాటినంక. మేముండే దిక్కు గప్పుడు వానలు. బండి షెడ్డుల పడుకుంటది, నేను గూడ."

వానల్లో! "వానలల్ల ఏం కనవడ్తదిరా? గడ్డి నెత్తి మీదికి పెరుగుతది. దానికి విమానమెందుకు, మన జొన్నచేన్ల నిలవడ్త!"

వాడు ఏదో చెప్పబోయాడు. సిగ్నల్ పోయింది.

ఆ వారం నేను మనిషిని కాదు. పత్తి చేనులో ఎవరైనా "రోహిణి ఎప్పుడే?" అంటే ఒళ్లు మండేది. మూడింటికీ మూడు కాలాలు. అడవిది ఒకటి, పొలానిది ఒకటి, తమ్ముడి బండిది ఒకటి. ఏ రెండూ ఒక చోట కలవవు. నా నుదుట పంజా జాడ తప్ప పంజా లేదనుకున్నాను. చిన్నప్పుడు తమ్ముడు రెండు చేతులూ చాపి నిలబడినట్టే ఉండేది కళ్లు మూసుకుంటే.

మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు తెర మీద తమ్ముడి పక్కన ఇంకొక మనిషి ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా, మెడలో పూసలు. నవ్వితే కింది పళ్లలో ఒక సందు.

"అక్కా, ఈయన నా దోస్తు. జీపు నడుపుతడు, అందర్ని అడివికి తోలుకపోతడు. వీళ్లూర్ల మేమే బోరేసినం. నీ బాధ చెప్పిన. నీతోని మాట్లాడుత అన్నడు."

"ఏ భాషల మాట్లాడ్తడురా?"

"చూడు నువ్వు."

ఆ మనిషి మాట్లాడలేదు. ఫోన్ తమ్ముడికి ఇచ్చి, తెరలో తన ఒళ్లంతా కనపడేట్టు నాలుగడుగులు వెనక్కి పోయాడు. చెయ్యెత్తి నెత్తి మీద పెట్టాడు, ఇంత గడ్డి అన్నట్టు. తల అడ్డంగా ఊపి, చేత్తో అటెటో దూరంగా చూపించాడు. అది వేరే దిక్కున అన్నమాట. తర్వాత వంగాడు. వంగి వంగి అరచేతిని తన చీలమండ దగ్గర పెట్టాడు. అక్కడే ఉంచి, నా దిక్కు చూసి నవ్వాడు.

నేను ఫోన్‌కు ముక్కు ఆనించాను. "గింతేనా? వానలల్ల?"

అప్పుడు తమ్ముడు విప్పి చెప్పాడు. వాళ్లుండే చోటికి ఉత్తరాన పెద్ద మైదానం ఉందట. ఎప్పుడో నిప్పు కొండలు పేలి, ఆ బూడిదంతా అక్కడ పడి, నేల కింద గట్టిగా పొర కట్టిందట. వేర్లు లోపలికి దిగవు. ఎంత వాన కొట్టినా గడ్డి పొట్టిగానే ఉంటుంది. అందుకే గడ్డపు దున్నల్లాంటి జంతువులు, అక్కడివాళ్లు వాటిని న్యుంబు అంటారు, మన మాఘంలో ఈనడానికి మందలు మందలుగా అక్కడికే వస్తాయట. పైగా ఆ దిక్కు చిన్నవానలకూ పెద్దవానలకూ నడుమ కొంచెం తెరపి ఇస్తుంది.

"ఈనేదానికి పొట్టి గడ్డే ఎందుకు?" అని అత్త అడిగింది.

తమ్ముడు ఆ మనిషిని అడిగాడు. ఆయన రెండు వేళ్లు తన కళ్ల దగ్గర పెట్టి, దూరంగా చూపించాడు.

"సింహం వచ్చేది దూరం నుంచే కనవడాలె గద తల్లికి" అన్నాడు తమ్ముడు.

అత్త నా మొహం చూసింది, నేను అత్త మొహం చూశాను. తల్లికి కనపడితే నాకూ కనపడుతుంది. మాఘంలో మాకు యాసంగి నాట్లు అయిపోయి ఉంటాయి. పత్తి ఏరడం ముగుస్తుంది. తమ్ముడి బండి షెడ్డులో ఉంటుంది. మూడు కాలాలూ వచ్చి ఆ పొట్టి గడ్డి మీద కలిశాయి. నేను లేచి వాకిట్లోకి పరుగెత్తాను, ఎందుకో తెలియదు. బర్రెను రెండు చేతులా వాటేసుకున్నాను. అది కంగారుపడి వెనక్కి జరిగింది.

అప్పుడు మా ఆయన గడపలో నిలబడి, మెల్లగా అన్నాడు: "మాఘంల పుట్టెంట్రుకలు గదనే?"

నా నోటితో నేనే జరిపిన మాఘం.

మళ్లీ బస్సెక్కాం. ఆడబిడ్డ తలుపు తీసి మా ఇద్దరి మొహాలు చూడగానే నడుం మీద చెయ్యి పెట్టింది.

"మళ్ల జరుపుమంటరా? నా కొడుకేమన్న సంతల బర్రెనా, ఈ వారం కాకపోతే వచ్చే వారం అమ్మనీకి? మా అత్తకు రెండోసారి నేనేం మొఖం పెట్టుకొని చెప్పాలె వదినా? కొండగట్టు మీద సత్రం గూడ మాట్లాడినం."

"జరుపొద్దు తల్లీ" అన్నాను. తప్పు నాది కాబట్టి గొంతు తగ్గించే మాట్లాడాను. "మీ అన్న ఉంటడు. కత్తెర ఆయనే ఏస్తడు."

"మరి అవ్వ?"

ఇద్దరం అత్త వైపు తిరిగాం. కూతురి కొడుకు. ఆ వైపు మొదటి మనవడు. నేను మనసులో అత్త టికెట్ వదిలేసుకున్నాను. అత్త లేకుండా ఒక్కదాన్నే ఎట్లా పోతానా అని అప్పుడే దిగులు మొదలైంది. అత్త మనవణ్ని ఎత్తుకుని, వాడి జుట్టులో చెయ్యి పెట్టి ఒకసారి నిమిరింది.

"ఎంట్రుకలు తీసేది మేనమామ" అంది. "గీసేది మంగలి. మొక్కేది మీరిద్దరు. అమ్మమ్మకు గక్కడేం పని? కత్తి పట్టుకుంటదా?"

"అవ్వా!" అంది ఆడబిడ్డ.

"గుండు నేనొచ్చినంక చూస్త. ఎంట్రుకలు మళ్ల మొలుస్తయి. సింహం మళ్ల దొరుకుతదా?"

ఆడబిడ్డ కోపంగానే చూసింది. చూసి చూసి నవ్వింది. "వీని పేరు మీద ఒక సింహాన్ని చూసి రాండ్రి, పోండి" అంది. మా ఆయనకు చెబితే "నేను ముందే అనుకున్న. మడికి నీళ్లెవలు పెడుతరు, పిల్లల్ని ఎవలు చూసుకుంటరు?" అన్నాడు. ఆయనకు విమానమంటే భయమని నాకు తెలుసు. అడగలేదు.

ఆ ఏడు మా నాట్లు ఊళ్లో అందరికంటే ముందు పడ్డాయి. నాటు వేసే ఆడవాళ్లు నా తొందర చూసి "సింహానికి ఆకలైతున్నదట, జర జల్ది వంగుండ్రి" అని పాట కట్టారు. హైదరాబాద్ పోయి జ్వరం రాకుండా సూదులు వేయించుకున్నాం. అత్త సూదికి భయపడలేదు, డాక్టరమ్మనే అడిగింది: "సింహం కరిస్తే గిది పనిచేస్తదా?" విమానంలో అత్త కిటికీ పక్కన కూర్చుని, కింద మబ్బులు చూసి "పత్తి ఏరకుండ ఇడిసిపెట్టిండ్రు" అంది. నేను సకినాలు, సర్వపిండి స్టీలు టిఫినులో సర్ది ఒళ్లో పెట్టుకున్నాను. దాని మూత బిగుతు. ఆ దేశంలో దిగేదాకా వదలలేదు.

విమానం దిగిన చోట తమ్ముడు నిలబడి ఉన్నాడు. నల్లబడ్డాడు, లావయ్యాడు. నన్ను చూడగానే ఏం చేశాడనుకున్నారు? రెండు చేతులూ బార్లా చాపాడు. అందరిలో వాడి వీపు మీద ఒక్కటి వేశాను.

మైదానం చేరిన పొద్దు నేను ఇప్పుడు కూడా చెప్పగలను. ఎండ ఉంది కానీ మెత్తటి ఎండ. మొగులు మీద మబ్బు తునకలు. చెట్టు లేదు, పుట్ట లేదు. భూమి, దాని మీద పచ్చగడ్డి, ఆ గడ్డి నిజంగా చీలమండ దాకానే. ఆ దోస్తు జీపు ఆపి, వంగి, అరచెయ్యి కింద పెట్టి నా దిక్కు చూశాడు. మాట నిలబెట్టుకున్నా చూడు అన్నట్టు. జీపు కప్పు పైకి లేచి ఉంటుంది, నిలబడి నాలుగు దిక్కులా చూడొచ్చు. ఏ దిక్కు చూసినా న్యుంబులే. మధ్య మధ్య చారల గుర్రాలు. ఊళ్లకు ఊళ్లు పశువులు విప్పి వదిలినట్టు ఉంది. ఆ ముక్కులతో చేసే చప్పుడు, ఆ పేడ వాసన! నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్త ముక్కు ఎగబీల్చి "మన కొట్టం వాసనే" అంది సంతోషంగా.

బయలుదేరేటప్పుడే తమ్ముడు మాకు గట్టిగా చెప్పాడు. "సప్పుడు చెయ్యొద్దు. జీపు దిగొద్దు. అక్కా, నీకే చెప్తున్న."

"నేనేమన్న చిన్నపిల్లనారా?"

కొంచెం దూరం పోయాక దోస్తు జీపు ఆపి వేలు చూపించాడు. ఒక తల్లి న్యుంబు మందకు పక్కగా నిలబడి ఉంది. కాసేపు పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. మాకు చెప్పాలా? అత్త జీపు కడ్డీ రెండు చేతులా పట్టుకుంది.

"ముందటి గిట్టలు వచ్చినయ్ చూడు. మంచిగనే వస్తున్నది. జర ఓపిక పట్టు బిడ్డా... గట్ల, గట్లనే..." అత్త గొణుగుతోంది. మన కొట్టంలో ఎట్లా అంటుందో అట్లాగే, గొంతు తగ్గించి. "చేతులు కట్టేసినట్టున్నదే నాకు. పట్టి గుంజితే అయిపోతది."

దూడ జారి గడ్డి మీద పడింది. తల్లి నాకింది. మన దుడ్డె అయితే మనం లేపాలి, నిలబెట్టాలి, పొదుగు నోటికి అందించాలి. ఇదెంతసేపు? అత్త "దీని జున్ను ఎవలు తింటరు?" అనేలోపే అది కాళ్లు విదిలించి లేచింది. పడింది. లేచింది. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతున్నాయి. మేమిద్దరం నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం, ఏదో తెలియదు.

అప్పుడు దోస్తు మెల్లగా ఒక్క మాట అన్నాడు. తమ్ముడు నా చెయ్యి నొక్కాడు. "అక్కా. ఎడమ పక్క. శివంగి."

చూశాను. ఆడసింహం. గడ్డి రంగుకు కొంచెం ఎక్కువ పసుపు. పొట్ట నేలకు ఆనించి, తల దించి, ఒక్కొక్క కాలు ఎత్తి పెడుతోంది. చిన్న గడ్డి కాబట్టి దాని భుజాల ఎముకలు పైకీ కిందికీ కదలడం కూడా కనపడుతోంది. ఇన్నేళ్లకు. నా కళ్లతో. అరచేతిలో పాత చల్లదనం తగిలింది. అది నడుస్తోంది, నేను చూస్తున్నాను. అది ఆ దూడ దిక్కే నడుస్తోంది. దూడ అప్పుడే నాలుగో కాలు సరిచేసుకుంటోంది.

ఆ తర్వాత నేను చేసింది నేను చేశానని నాకు తెలియదు. చెవుల్లో పడ్డాకే తెలిసింది.

"హోయ్! హోయ్! హోయ్! పో! పో అవతలకి!"

జీపులోకీ వెంట తెచ్చుకున్న సకినాల టిఫిను మూత నా చేతిలో ఉంది. దాన్ని జీపు ఇనుప కడ్డీకేసి దడదడ దడదడ కొడుతున్నాను. ఆ మైదానమంతా నా గొంతే. సకినాలు జీపంతా పడ్డాయి. మంద ఒక్కసారి తలలెత్తింది. కాళ్లు కదిలాయి, దుమ్ము లేచింది, తల్లీ దూడా అందులో కలిసిపోయాయి. దూడ కూడా ఉరికింది! ఇంతకుముందే పుట్టిన దూడ!

శివంగి నిలబడింది. తల ఎత్తింది. తిరిగి నా దిక్కు చూసింది.

నన్నే. జీపును కాదు, తమ్ముణ్ని కాదు. ఆ కళ్లు తేనె రంగువి. కోపం లేదు వాటిలో. ఈ లోకంలో ఇంత చప్పుడు ఏమిటా అని చూసినట్టు చూసింది. నా చెయ్యి మూతతో సహా గాలిలోనే ఆగిపోయింది.

"అక్కా!" తమ్ముడు తల పట్టుకున్నాడు. "ఏం పని ఇది! అగో, అవతలి జీపోళ్లు మనల్ని ఎట్ల చూస్తున్నరో చూడు! దీని కోసమే గదా నువ్వు గింత దూరం వచ్చింది! అంతల నువ్వే తరుముతవా?"

దోస్తు నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. స్టీరింగు చక్రం మీద తల ఆనించి, కళ్లు తుడుచుకుంటూ, కింది పళ్ల సందు కనపడేట్టు నవ్వాడు. తమ్ముడితో ఏదేదో చెప్పాడు.

"ఏమంటున్నడురా?" అంది అత్త.

తమ్ముడు ముందు చెప్పనన్నాడు. తర్వాత వాడికీ నవ్వొచ్చింది. "వాళ్లవ్వ గూడ గిట్లనే చేస్తదట. ఆవుల కొట్టం కాడికి సింహమొస్తే గిన్నె కొట్టుకుంట, ఒర్రుకుంట ఉరుకుతదట. అచ్చం గిదే గొంతట."

"అయితే మనోళ్లే" అంది అత్త.

తమ్ముడు నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు ఇప్పచెట్ల కింద చూసినట్టు. "అక్కా, నాకిప్పుడు సమజైంది. అందరికి కనవడ్డ పులి నీకొక్కదానికే ఎందుకు కనవడలేదో."

నాకూ అప్పుడే తెలిసింది. డబ్బా కొట్టుకుంటూ అడవిలో ముందు నడిచింది నేను. నా వెనక వచ్చినవాళ్లు బతికారు, పువ్వేరుకున్నారు. పులి నాకు ఎక్కడ ఎదురవుతుంది? అందరికంటే ముందు నా గొంతు పోయి దాన్ని లేపేసేది కదా. బాధ కలగలేదు. బాపు మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది. అడవి సగం ఖాళీ అవుతుందన్నాడు. ఆఫ్రికాలో కూడా అవుతుందని ఆయనకు తెలియదు.

శివంగి మాత్రం ఎక్కడికీ పోలేదు. మంద దూరమయ్యాక అది ఉన్నచోటే ఆ పొట్టి గడ్డి మీద పడుకుంది. ముందరి కాళ్లు చాపి, ఆవలించింది. నోరంతా కనపడింది. దాని చెవి మీద ఈగ వాలితే చెవి ఆడించింది. దాన్ని దాచడానికి ఆ మైదానంలో ఒక్క ఆకు లేదు.

నా చెయ్యి మళ్లీ ఎప్పుడు లేచిందో ఏమో. అత్త నా చేతిలోంచి టిఫిను మూత గుంజుకుని, తన కింద వేసుకుని, దాని మీద కూర్చుంది.

"ఇగ చూడు" అంది.